అయిదువేల నంబరా, ఏడువేల నంబరా?

ఉద్దానమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసియున్నారు. వారి కొమార్తెకు టెక్కలిలో ఇంజనీరింగు కళాశాలయందు కంప్యూటరు శాఖలో సీటు దొరకినదట. ఈ యేటి జీడిపిక్కల నమ్మగా వచ్చిన సొమ్ములో కొంత తీసి లాప్‌టాపునకై వేఱుగా నుంచిరట. కాశీబుగ్గలో నొక యంగడివారు రెండు యంత్రములను వారి ముందు పెట్టిరి. రెండింటిమీదను ‘రైజెన్ 5’ అను పేరే యున్నది. ఒకదానిలోని ప్రాసెసరు 5500యు. అమ్ముడుపోక మిగిలిన పాత సరుకు, వెల 35 వేలు. రెండవదానిలోనిది 7520యు, వెల 38 వేలు. “అయిదువేల నంబరుకంటె ఏడువేల నంబరు పెద్దది, పెద్దదానికి వెల హెచ్చు, ఇందాలోచింపవలసిన దేమున్నది?” అని యంగడివారనిరట. మఱదిగారును ఆ మాటనే బలపఱచిరట. “మూడువేలకు వెనుదీసి పిల్ల చదువునకు లోపము చేసితినను మాట నాకు రాకుండునా? లేక ఆ మూడువేలు ఊరక పోసినదాన నగుదునా?” అని సోదరి యడుగుచున్నారు.

మూడువేలు చిన్న మొత్తమని పట్టణవాసినులకు తోచవచ్చును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరిని, జీడిని నేలగూల్చినది. కొబ్బరిమొక్కను నాటినచో కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అట్టి తోటలనుండి మరల చేతికందిన రూకలివి. మూత్రపిండముల వ్యాధిచే ఉద్దానమున నెన్ని యిండ్లలో మందులకును డయాలసిస్సునకును సొమ్ము పోవుచున్నదో చదువరు లెఱుగుదురు. కావున మూడువేల ప్రశ్నకును మేము నిండుగానే ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

మా నిర్ణయమును ముందే చెప్పుదుము. ఈ పిల్ల చదువునకు 35 వేల యంత్రమే మేలు. అయితే కొనుటకు ముందు రెండు పరీక్షలు చేయవలెను. వానిని తరువాత వివరింతుము.

అంకె పెద్దదైన సరుకు పెద్దదను నియమము పలాసలోనే చెల్లదు. మన యూళ్ళలో ప్రాసెసింగన్న మాటకు జీడిపప్పు పనియే యర్థము గాని కంప్యూటరు కాదు. ఆ పనిలో చేయి పెట్టిన ప్రతి స్త్రీకిని 180వ రకము పప్పునకు, 320వ రకము పప్పునకు గల భేదము తెలియును. ఒక పౌను తూకమునకు 180 గుండుపప్పులే సరిపోయినచో అది 180వ రకము. 300 మొదలు 320 వఱకు పట్టినచో 320వ రకము. చిన్న అంకెగల పప్పే పెద్దది. దానికే వెల హెచ్చు. బయటివా డెవడైనను వచ్చి “320 పెద్ద అంకె గనుక అదియే కట్టుము” అన్నచో మన జీడి కార్ఖానాలోని యాడువారు నవ్వుకొందురు. అంకె దేనిని లెక్కించుచున్నదో యెఱిగిన తరువాతనే దానిని నమ్మవలెనని వారికి తెలియును. కంప్యూటరు నంబరు విషయమునను ఆ తెలివియే చాలును. వేఱు విద్య యక్కఱలేదు.

అయిన 7520 అను అంకె దేనిని లెక్కించుచున్నది? ఈ ప్రాసెసర్లను రూపొందించు ఏ.ఎం.డి. సంస్థవారు 2022 సెప్టెంబరులో తమ లాప్‌టాపు ప్రాసెసర్లకు క్రొత్త నంబరు పద్ధతిని ప్రకటించిరి. దాని ప్రకారము మొదటి అంకె సంవత్సరమును తెలుపును. 7 అనగా 2023వ సంవత్సరపు సరుకు. రెండవ అంకె తరగతి. 5 అనగా రైజెన్ 5. మూడవ అంకె లోపలి నిర్మాణము ఏ తరమునకు చెందినదో చెప్పును. నాలుగవది ఆ తరగతిలో హెచ్చుతగ్గులకు గుర్తు. చివరి ‘యు’ అక్షరము తక్కువ విద్యుత్తుతో నడచు పలుచని యంత్రములకు తగినదని తెలుపును. ఇప్పుడు 7520లో మూడవ అంకెను చూడుడు: అది 2. అనగా ‘జెన్ 2’ అను నిర్మాణము. ఈ జెన్ 2 మొదట 2019 జులైలో లోకమునకు వచ్చినది. ముందున్న 7 పేటికమీది సంవత్సరము మాత్రమే. లోపలి పప్పు వయస్సు మూడవ స్థానమున నున్నది. అంగడివారు చూపినది మొదటి అంకె. మనము చూడవలసినది మూడవది.

5500యు 2021 జనవరిలో వెలువడినది. అది పై పద్ధతికి పూర్వపుది గనుక దాని నంబరును ఈ రీతిగా విడదీసి చదువరాదు. కాని దాని లోపలనున్నదియు జెన్ 2 నిర్మాణమే. రెండును తైవానులోని టి.ఎస్.ఎం.సి. వారి కర్మాగారములలో తయారైనవే. ఇవి ఒకే తల్లి బిడ్డలు. రెండవది తరువాత పుట్టినది, అంతే. అంకెలనుబట్టి వారి నడుమ రెండు తరముల యంతరమున్నదని తోచును గాని లోపల ఒక్క తరపు భేదమైనను లేదు.

తరమొక్కటే యైనప్పుడు పనిలో భేద మెక్కడ? 5500యులో ఆఱు కోర్లున్నవి, 7520యులో నాలుగే. కోరనగా పనిచేయు మనిషి యనుకొనుడు. పిక్కలు కొట్టు బల్లయొద్ద ఒకచోట ఆఱుగురు, మఱియొకచోట నలుగురు కూర్చున్నారు. ప్రాసెసర్ల వివరములలో ‘థ్రెడ్లు’ అను మాటయు వచ్చును: మొదటిదానికి పండ్రెండు, రెండవదానికి ఎనిమిది. ఇది యేమనగా, ఒక్కొక్కతె యెదుట రెండేసి గంపలున్నవి. ఒక గంపలోని పిక్కలింకను చల్లారనప్పుడు రెండవ గంపలోనివి తీసికొని కొట్టును. ఆమె చేతులు రెండే గనుక గంపలు రెండైనంత మాత్రమున పని రెట్టింపు కాదు. ఊరక కూర్చుండు సమయము తగ్గును. “పండ్రెండు ప్రాసెసర్లున్నవి” అని కొందఱు విక్రేతలు చెప్పుదురు. అవి గంపలే గాని మనుష్యులు కారు.

వేగమున మాత్రము చెల్లెలిదే కొంత పైచేయి. 7520యు అత్యధికముగా 4.3 గిగాహెర్ట్‌జుల వఱకు పోగలదు, 5500యు 4.0 వఱకే. ఒక గిగాహెర్ట్‌జనగా క్షణమునకు, ఇంగ్లీషు సెకండునకు, నూఱుకోట్ల తాళములు. నూటికి ఏడెనిమిది పాళ్ళు మాత్రమే యీ భేదము. ఒక ఉత్తరము వ్రాయుట, ఒక పుట తెఱచుట వంటి ఒంటిచేతి పనులలో ఆ నలుగురిలో నొకతె ఈ ఆఱుగురిలో నొకతెకంటె రవంత ముందు ముగించును. కంటి కానదగినంత భేదము కాదు. కాని అనేక కోర్లకు ఒక్కసారి పంచదగిన పని వచ్చినప్పుడు, పెద్ద ప్రోగ్రామును కంపైలు చేయునప్పుడును, ఒక కంప్యూటరులో మఱియొక కంప్యూటరును సృష్టించి నడుపునప్పుడును, ఆఱుగురే గెలుతురు. ఇంజనీరింగు కంప్యూటరు శాఖలో నాలుగేండ్లు జరుగు పని యిట్టిదే గదా. అయితే ఆఱును నాలుగుచే భాగించి “ఒకటిన్నర రెట్లు” అని లెక్క కట్టరాదు. పలుచని లాప్‌టాపులో అందఱును ఒక్కసారి పనిలో దిగినప్పుడు వేడి పెరుగును. వేడికి భయపడి ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. ఆ తగ్గింపు పోను మిగిలినదియు ఆఱుగురి పక్షముననే యుండును.

బొమ్మలను గీయు భాగమునను ఇట్లే యున్నది. 5500యులో పాతరకపువి ఏడు విభాగములు. 7520యులో క్రొత్తరకపువి రెండు. ఆ రెండింటి నైపుణ్యము హెచ్చే గాని ఏడింటికి సరిపోదు. విరాటపర్వములో ఉత్తరకుమారుని బిరుదము చూచి రథము తోలించుకొన్నవారు లేరు. కౌరవసేన కనబడగానే పని యెవరు చేసిరో చదువరు లెఱుగుదురు. అంగడి బల్లమీద పలుకు బిరుదములును అంతటివే.

ఇక ప్రాసెసరుకంటెను ముఖ్యమైన మాట యొకటి కలదు: మెమొరీ. ప్రాసెసరు పనిచేయుచున్నంతసేపు సరుకంతయు పఱచుకొనియుండు బల్ల యిది. సోదరి వ్రాసిన రెండు యంత్రములలోను ఎనిమిది జీబీల మెమొరీ యున్నదట. తొలియేట పాఠములకు ఎనిమిది చాలును, మూడవయేటికి ఇఱుకగును, పదునాఱైనచో నాలుగేండ్లు గడచును. ఇక్కడ 7520యుకు పెద్ద కొఱత యున్నది. అది ‘ఎల్పీడీడీఆర్ 5’ అను రకపు మెమొరీనే స్వీకరించును. దానిని ఈ యంత్రములలో తయారుచేయునప్పుడే పలకకు అతికివేయుదురు. ఎనిమిదితో కొన్నది ఎనిమిదితోనే ముసలిదగును. 5500యు ‘డీడీఆర్ 4’ మెమొరీని స్వీకరించును గనుక దానితో చేసిన యనేక యంత్రములలో అడుగున నొక గాడి యుండును. ఒక పలక కొని తగిలించినచో ఎనిమిది పదునాఱగును. పైగా రెండు పలకలు జంటగా నున్నప్పుడు ప్రాసెసరునకు సరుకు రెండు త్రోవలవెంట అందును. బొమ్మల పనిలో ఆ లాభము స్పష్టముగా తెలియును.

అనేక యంత్రములలో ననియే వ్రాసితిమి గాని అన్నింటను అని వ్రాయలేదు. 5500యుతో చేసిన కొన్నింటను మెమొరీ అతికినదే. కావున మొదటి పరీక్ష యిది. అంగడిలో యంత్రమును వెలిగింపించి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కవలెను. టాస్క్ మేనేజరను కిటికీ తెఱచుకొనును. అందు పెర్ఫార్మెన్సు అను భాగములో సీపీయూ అనుచోట ప్రాసెసరు పూర్తిపేరును, కోర్లెన్నియో, థ్రెడ్లెన్నియో కనబడును. పేటికమీది అంటింపుకాగితముతో పనిలేదు. అచ్చటనే మెమొరీ అనుచోట ఫారమ్ ఫ్యాక్టరను మాటకు ఎదుట సోడిమ్ అని యున్నచో పలకలు మార్చదగినవి. రో ఆఫ్ చిప్స్ అని యున్నచో అతికినవి. గాళ్ళు రెండింటిలో నెన్ని నిండియున్నవో కూడ అది చెప్పును. పిల్లచేతనే యీ పని చేయించుడు. అంగడివారు మఱదిగారితోగాక ఆమెతో మాటాడుటకు అది యుపకరించును.

రెండవ పరీక్ష బ్యాటరీకి. 5500యు యంత్రము అంగడిలో ఎంతకాలము కూర్చున్నదో మన మెఱుగము. లిథియము బ్యాటరీ వాడకున్నను వయస్సుతో సత్తువ తగ్గును. విండోసు తానే బ్యాటరీ నివేదిక నొకదానిని తయారుచేయును. అందు పుట్టినప్పటి సామర్థ్యమెంతో, నేడెంతవఱకు నిండుచున్నదో రెండంకెలుండును. నేటిది మొదటిదానిలో నాలుగైదవ వంతులకు, అనగా నూటికి ఎనుబదికి, దిగియున్నచో “క్రొత్త బ్యాటరీ వేసి యిండు” అని యడుగవలెను. గ్యారంటీ కాగితముపై తేదీ కొనినదినమునుండి లెక్కింపబడునో, యంత్రము తయారైననాటినుండియో చూచికొనవలెను. ఉద్దానమున గాలివాన వచ్చినప్పుడు విద్యుత్తు ఎన్నినాళ్ళకు తిరిగివచ్చునో ఎవరును చెప్పలేరు. బ్యాటరీ లేని లాప్‌టాపు బల్లకు కట్టిన యంత్రముతో సమానము.

బ్యాటరీ మాట వచ్చినది గనుక రెండవదాని పక్షమునను న్యాయముగా చెప్పవలసినవి కలవు. 7520యును ఆఱు నానోమీటర్ల పద్ధతిలో చేసిరి, 5500యుది ఏడు. కోర్లు తక్కువ, మెమొరీ తక్కువ విద్యుత్తుతో నడచునది. కావున తేలికపనులలో బ్యాటరీ ఎక్కువసేపు నిలుచు నవకాశము దానికే హెచ్చు. ఏవీ1 అను నూతనరీతిలో కుదించిన చలనచిత్రములను విప్పు ప్రత్యేకభాగమును దానిలో నున్నది. 5500యులో లేదు, అది కోర్లచేతనే యాపని చేయించి బ్యాటరీని వ్యయపఱచును. పాఠములు వినుట, ఉత్తరములు వ్రాయుట, దుకాణపు పద్దులు చూచుకొనుట, దూరదేశముననున్న బిడ్డలతో తెరమీద మాటాడుట, ఇంతవఱకే పని యున్న యింటికి 7520యు చక్కని ప్రాసెసరే. దానిని చెడ్డదనుటకు మాకు మనసొప్పదు. దానిని చిన్నదానిగా నమ్మినచో ఎవరికిని కోపముండదు. పెద్దదని చెప్పి మూడువేలు హెచ్చు పుచ్చుకొనుటయే మాకు నచ్చనిది.

ఈ నంబరు తంత్రమును పోటీదారులే వీథి కెక్కించిరి. ఇంటెల్ సంస్థవారు 2023 డిసెంబరులో, సరిగా ఈ 7520యునే ఉదాహరణముగా చూపి, పాత నిర్మాణమును క్రొత్త నంబరుతో అమ్ముచున్నారని ఏ.ఎం.డి. వారిని దెప్పుచు నొక ప్రచారపత్రము వెలువరించి, కొలదిదినములలోనే దానిని ఉపసంహరించుకొనిరి. అంతకు రెండునెలల ముందు, 2023 అక్టోబరులో, తామును పదునాలుగవ తరమను పేరిట బల్లమీది కంప్యూటర్లకు ప్రాసెసర్లను విడుదలచేసిరి. అవి చాలవఱకు పదుమూడవ తరపు నిర్మాణమే. అత్తకు లేని మడి కోడలికేల యన్నట్లున్నది. కావున “ఏ.ఎం.డి.యా, ఇంటెలా, ఏది నిజాయితీ గలది?” అని మమ్ము నడుగవలదు. ఇంటెల్ వారి ఐ3 అను పేరిటనే రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు గల 1215యుయు నున్నది. ఎనిమిదియు చిన్న కోర్లే యైన ఎన్305యు నున్నది. ఎనిమిది ఆఱుకంటె పెద్దదని రెండవదానిని తెచ్చుకొన్నవారికి ఒంటిచేతి పనులలో మందకొడితనము కనబడును.

వెల మాటకు వత్తము. మూడువేలు తక్కువకు ఎక్కువ పని వచ్చుచున్నది గనుక లెక్క సులభమే. ఒకవేళ అంగడివారు మా వ్యాసము చదివి వెలలను తలక్రిందులు చేసి, 5500యునకే 38 వేలన్నను, పరీక్షలు రెండును నెగ్గినచో ఈ పిల్లకు దానినే కొనుమందుము. నాలుగేండ్ల నడుమ మెమొరీ పెంచుకొను వీలొక్కటియే ఆ మూడువేలకు బదులుగ నిలుచును. నలుబదివేలు దాటినచో మాత్రము వలదు. అప్పుడు రెండింటిని విడిచి 7530యు గల యంత్రము దొరకునేమో విచారించుట మంచిది. దాని మూడవ అంకె 3. అనగా జెన్ 3, తరువాతి తరము. కోర్లాఱు, థ్రెడ్లు పండ్రెండు. 7520కిని 7530కిని నంబరులో భేదము పదియే. పనిలో భేదము నంబరు చెప్పుదానికి చాల హెచ్చు. ఇట్టి సరుకు కాశీబుగ్గలో లేకున్న శ్రీకాకుళమునందో విశాఖపట్టణమునందో విచారింపవచ్చును. పలాసనుండి రైలు సౌకర్యమున్నది.

వాడిన యంత్రమును 20 వేలకు ఇత్తుమని మఱియొకరు చెప్పిరని జాబు చివర వ్రాసియున్నారు. దానిలో ఇంటెల్ ఏడవతరపు ప్రాసెసరట. మైక్రోసాఫ్టువారు విండోస్ 10నకు సాధారణాదరణను 2025 అక్టోబరు 14తో ముగించిరి. విండోస్ 11నకు వారంగీకరించిన ప్రాసెసర్ల పట్టికలో ఏడవతరపువి కొన్ని తప్ప లేవు. మీకు చూపిన రైజెన్లు రెండును ఆ పట్టికలో నున్నవి. వాడినదాని మాట మఱచిపొండు.

మిగిలిన మూడువేలతో మెమొరీపలక వచ్చునా యని మీ రడుగుదురు. ఆ పలకల వెల నెలనెలకు మాఱుచుండును గనుక కొనునాడే విచారింపవలెను. కొంత చేర్చవలసినను రావచ్చును. తొందరలేదు. తొలియేడు ఎనిమిదితో గడపి, పని ఇఱుకైనప్పుడు తగిలించుకొనవచ్చును. పలక కొనునప్పుడు డీడీఆర్ 4, సోడిమ్, 3200 అను మూడు మాటలు కాగితముపై వ్రాసికొని పోవుడు. అంగడివారు డీడీఆర్ 5 చేతికిచ్చినచో అది గాడిలో పట్టదు.